గజం రేటు సరే... మందం ఎంత?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు పూర్తయి, గృహప్రవేశం ముగిసి, చుట్టాలంతా వెళ్లిపోయాక మిగిలే పని గురించి మాత్రం ఏ సామెతా లేదు. అదే గేటు నుంచి మెట్ల దాకా ఉండే వాకిలి. అప్పటికి చేతిలో డబ్బు అయిపోయి ఉంటుంది. ఓపికా అయిపోయి ఉంటుంది. అందుకే గోడలకు వేసే రంగును నెల రోజులు ఎంచి ఎంచి తీసుకున్నవాళ్లు కూడా వాకిట్లో కాంక్రీటు పనిని గేటు దగ్గర నిలబడి ఐదు నిమిషాల్లో ఒప్పజెప్పేస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఫలితం కనిపిస్తుంది. నడిమధ్య పగులు. కారు నిలిపే చోట కుంగుడు. పైపొర పెచ్చులుపెచ్చులుగా లేచిపోవడం. వాన పడితే నీళ్లు రోడ్డు వైపు పోకుండా గడప వైపు రావడం. అప్పుడు పాతదాన్ని పగలగొట్టడానికి ఒక ఖర్చు, మట్టి ఎత్తిపోయడానికి ఒక ఖర్చు, మళ్లీ పోయడానికి ఇంకో ఖర్చు!

ఒకప్పుడు వాకిలంటే మట్టి నేల. పొద్దున్నే సాన్పి చల్లి ముగ్గేస్తే చాలు. బండి వచ్చి ఆగినా, వడ్లు ఆరబోసినా ఆ నేల తట్టుకునేది. గుంత పడితే బుట్టెడు మట్టి పోసి సరిచేసుకునేవారు. ఇప్పుడు పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో (2016 అక్టోబరులో ఇవి చిన్న జిల్లాలుగా విడిపోయాయి) పట్టణాలే కాదు, పల్లెల్లోనూ ఇంటి ముందు సీసీ రోడ్డు వచ్చింది. ఇంట్లోకి కారో, ట్రాక్టరో, కనీసం రెండు బైకులో వచ్చాయి. మట్టి వాకిలి పోయి కాంక్రీటు వాకిలి తప్పనిసరైంది. కానీ మట్టికి ఉన్న గుణం కాంక్రీటుకు లేదు. ఒకసారి తప్పు పోస్తే అది పాతికేళ్లు తప్పుగానే ఉంటుంది.

ఐదు నిమిషాల బేరం

సాధారణంగా జరిగే మాటలు ఇలా ఉంటాయి.

‘‘గజానికి ఎంత తీసుకుంటవ్ మేస్త్రీ?’’

‘‘సామాను మాదే అయితే ఒక రేటు, మీదే అయితే ఒక రేటు సార్.’’

‘‘పక్క గల్లీల గింత తక్కువకే ఏసిండ్రు గదా!’’

‘‘సరే సార్, మీరు చెప్పినట్లే కానీ. రేపు పొద్దుగాల మొదలువెడుతం.’’

బేరం కుదిరింది. ఇంటాయన గెలిచాననుకుంటాడు. కానీ ఈ మాటల్లో ఎక్కడా మందం ప్రస్తావన లేదు. సిమెంటు పాళ్ల మాట లేదు. కింద నేలను ఏం చేస్తారన్నది లేదు. నీళ్లు ఎటు పోవాలన్నది లేదు. గజం అంటే పొడవు, వెడల్పు మాత్రమే. కాంక్రీటుకు లోతు కూడా ఉంటుంది. ఆ లోతు మర్నాడు సాయంత్రానికి ఎవరికీ కనబడదు. బేరమాడి తగ్గించిన పైసలు ఎక్కడికీ పోవు, ఆ లోతులోంచే పోతాయి. మేస్త్రీ మంచివాడా కాదా అన్నది తర్వాతి సంగతి. కూలీలకు, సామానుకు, మిల్లరు అద్దెకు పోను అతనికి ఏదో మిగలాలి. రేటు తగ్గితే అతని చేతిలో తగ్గించడానికి ఉన్నవి రెండే... మందం, సిమెంటు.

సంచుల లెక్క

ఇది ఎంత పెద్ద తేడానో చిన్న లెక్కతో తెలుస్తుంది. వాకిలి 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు అనుకోండి. మొత్తం 360 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 40 గజాలు. 4 అంగుళాల మందంతో పోస్తే 120 ఘనపుటడుగుల కాంక్రీటు కావాలి. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర... దీన్నే ఎం20 మిశ్రమం అంటారు. ఈ పాళ్లలో కలిపితే ఆ 120 ఘనపుటడుగులకు సుమారు 27 సంచుల సిమెంటు పడుతుంది.

అదే పాళ్లతో మందం 3 అంగుళాలకు తగ్గిస్తే 20 సంచులు దాటదు. మందమూ తగ్గించి, పాళ్లు కూడా ఒకటికి రెండు, నాలుగు చేస్తే 16 సంచులతో పని అయిపోతుంది. 27 సంచుల వాకిలి, 16 సంచుల వాకిలి పోసిన రోజు చూస్తే ఒకేలా ఉంటాయి. రెండింటి మీదా సిమెంటు పాలు పోసి నున్నగా తాపీ తిప్పుతారు. రెండూ 40 గజాలే! అందుకే ఇద్దరు మేస్త్రీలు చెప్పిన గజం రేట్లను పక్కపక్కన పెట్టి పోల్చితే ఏమీ తెలియదు. ఇద్దరూ ఒకే మందానికి, ఒకే పాళ్లకు చెప్పారా అన్నది ముందు అడగాలి.

మామూలు కారు, బైకులు తిరిగే వాకిలికి బాగా గట్టిపరచిన నేల మీద 4 అంగుళాలు కనీసం. ట్రాక్టరు ట్రాలీతో లోపలికి వస్తుందా, వడ్ల బస్తాల డీసీఎం వచ్చి ఆగుతుందా అయితే 6 అంగుళాలు అడగాలి. గేటు దగ్గర, ర్యాంపు అంచున చక్రం దెబ్బ ఎక్కువ కాబట్టి అక్కడ అంచును మరికాస్త దింపి మందంగా పోయించడం మంచిది. ‘ఇనుప జాలీ వేస్తాం, మందం తక్కువైనా ఫరవాలేదు’ అంటే ఒప్పుకోకండి. జాలీ పగులు విచ్చుకోకుండా పట్టి ఉంచుతుందే తప్ప మందానికి బదులు కాదు. అది కూడా కింద మట్టికి ఆనుకుని పడి ఉంటే దండగ. కాంక్రీటు మందంలో పై సగంలో ఉండేట్టు కింద దిమ్మలు పెట్టాలి.

కింద ఏముంది?

ఈ ప్రాంతంలో అందరూ మరిచిపోయే సంగతి నేల. చల్క నేల ఒక తీరు, దుబ్బ నేల ఒక తీరు, నల్లరేగడి మరో తీరు. పత్తికి పేరున్న ఆదిలాబాద్ వైపు రేగడి ఎక్కువ. పాత కరీంనగర్ జిల్లాలోనూ అక్కడక్కడా ఉంది. పత్తికి బంగారంలాంటి ఆ నేల కాంక్రీటుకు శత్రువు. వానకు తడిసి ఉబ్బుతుంది, ఎండకు కుంగి నెర్రెలు విడుస్తుంది. ఎండాకాలం చేనులో కాలు దిగేంత నెర్రెలు చూడని రైతు ఉండడు. ఆ నేలే వాకిలి కింద ఉన్నప్పుడు పైన పోసింది 4 అంగుళాలైనా 6 అంగుళాలైనా ఏడాదికోసారి కింద నుంచి ఎత్తుతూ దించుతూ ఉంటుంది.

అందుకే రేగడి నేలలో కనీసం అడుగు నుంచి అడుగున్నర లోతు తవ్వి, ఆ మట్టి తీసేసి, మంచి మొరం నింపాలి. నింపడం కూడా ఒక్కసారి ట్రాక్టరుతో గుమ్మరించి పైపైన చదును చేయడం కాదు. ఆరు అంగుళాలు పోయడం, నీళ్లు చల్లడం, దిమ్మిసతోనో యంత్రంతోనో కొట్టడం, మళ్లీ ఆరు అంగుళాలు పోయడం. మడమతో గట్టిగా తొక్కితే అచ్చు పడకూడదు. రేగడి చాలా లోతుగా ఉన్న చోట ఇది కూడా పూర్తి మందు కాదు. వాకిలి అంచుల వెంట వాన నీళ్లు నిలవకుండా చూసుకుంటే నేల తడవడం, ఆరడం తగ్గి వాకిలి మన్నుతుంది. చల్క నేలలో ఇంత తవ్వకం అక్కర్లేదు కానీ పై మెత్తటి మట్టి, గడ్డివేళ్లు తీసి గట్టిపరచడం తప్పదు.

కొత్త ఇళ్లలో ఇంకో సమస్య ఉంటుంది. పునాది తవ్విన మట్టినే గోడ పక్కన పోసి, దాని మీదే వాకిలి వేస్తారు. ఆ మట్టి రెండు మూడు వానలకు దిగిపోతుంది. పైనున్న కాంక్రీటు బోలుగా మిగిలి ఒకరోజు కారు చక్రం కింద విరుగుతుంది. సెప్టిక్ ట్యాంకు, నల్లా పైపుల కోసం తవ్వి పూడ్చిన చోట్లా ఇంతే. అలాంటి చోట్లను మేస్త్రీకి ముందే చూపించాలి. ఇంటి లోపల జరిగిన తవ్వకాలు అతనికెలా తెలుస్తాయి?

నేల పనిని, కాంక్రీటు పనిని కలిపి ఒకే రేటు చెబితే నేల పని ఎప్పుడూ తేలిపోతుంది. రెండింటికీ వేర్వేరుగా ధర అడగండి. అప్పుడు రెండింటినీ వేర్వేరుగా చూసి ఒప్పుకోవచ్చు.

ఎవరికి ఇవ్వాలి?

లేబర్ అడ్డా మీద కైకిలి మాట్లాడుకుని సొంతంగా చేయించుకోవడం ఒక పద్ధతి. సామాను ఇంటివాళ్లు తెచ్చి కూలి మాత్రం మేస్త్రీకి గుత్తకివ్వడం రెండోది. సామానుతో సహా గుత్తకివ్వడం మూడోది. మొదటిదానిలో ఖర్చు తగ్గొచ్చు, కానీ ఇంటాయనే మేస్త్రీ కావాలి. రెండోదానిలో సిమెంటు తగ్గించే ఆశ మేస్త్రీకి ఉండదు, అయితే పని తొందరగా ముగించాలన్న తొందర ఉంటుంది. మూడోదానిలో తలనొప్పి తక్కువ, అయితే లెక్క గట్టిగా ఉండాలి. పనిచోట రోజంతా నిలబడగలిగే మనిషి ఇంట్లో ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి ఏది మంచిదో తేల్చుకోవాలి.

ఏ పద్ధతైనా ముగ్గురిని అడగాలి. ముగ్గురికీ ఒకే కొలతలు, ఒకే మందం, ఒకే పాళ్లు చెప్పి అడగాలి. అందరికంటే తక్కువ చెప్పినవాడి దగ్గర ఆగి ‘ఇంత తక్కువకు ఎట్ల గిట్టుబాటైతది?’ అని అడగడంలో తప్పులేదు. మంచి జవాబు ఉంటే చెబుతాడు. సొంత మిల్లరు ఉందనో, పక్క వీధిలోనే ఇంకో పని నడుస్తోందనో అంటే నమ్మదగిన కారణమే.

అతను చేసిన పనులు చూడాలి. నిన్న మొన్న చేసినవి కాదు, ఏడాది దాటినవి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూసిన కాంక్రీటే నిజం చెబుతుంది. చెప్పులు విప్పి అరికాలితో రుద్దితే తెల్లటి పొడి వస్తోందా? నీళ్లు నిలిచిన మరకలున్నాయా? ఆ ఇంటివాళ్లను ఒక్క ప్రశ్న అడిగితే చాలు... ‘పని అయిపోయాక పిలిస్తే వచ్చిండా?’ ఊళ్లో ఉండే మేస్త్రీకి ఇచ్చే లాభమంతా ఆ జవాబులోనే ఉంది. రేపు పెళ్లిలోనో బజారులోనో ఎదురుపడాల్సిన మనిషి పేరు చెడగొట్టుకోవడానికి ఇష్టపడడు. ఇక్కడి సుతారి మేస్త్రీల్లో గల్ఫ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. పెద్ద పనుల్లో లెవల్ పట్టడం, జాయింట్లు కోయడం, క్యూరింగ్ చేయడం చూసిన చేతులవి. అలాంటివారు దొరికితే వదలకండి.

గల్ఫ్‌కు సంబంధించిన ఇంకో సంగతి కూడా ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఎన్నో ఇళ్లలో సంపాదించే మనిషి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఇంటి దగ్గర భార్య, అత్తమామలు పని చూసుకుంటారు. ఆమె ‘ఎన్ని ఇంచులు పోస్తవే అన్నా?’ అని అడిగితే ‘గదంత మేం చూసుకుంటం అక్కా, నువ్వేం రంది వెట్టుకోకు’ అన్న జవాబు వస్తుంది. రంది పెట్టుకోవాల్సిందే! అక్కడ ఎండలో చెమటోడ్చిన సొమ్ము ఇక్కడ మట్టి కింద పోతోంది మరి. టేపు పట్టడానికి ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు. పోయడానికి ముందు దారం కింద టేపు పెట్టి అంకె కనిపించేలా ఫోన్లో ఫొటో తీసి పంపితే, వేల కిలోమీటర్ల అవతల ఉన్న మనిషి కూడా పని చూసినట్టే.

ఒక్క కాగితం

‘మనోడే కదా, రాసుకోవడమేంటి’ అని చాలామంది మొహమాటపడతారు. రాసుకోవడం అనుమానం కాదు. రెండు నెలల తర్వాత ఎవరేం అన్నారో గుర్తుండదు కాబట్టి రాసుకోవాలి. అది మేస్త్రీకీ రక్షణే. పని సగంలో ‘ఆ మూల కూడా పోయి, గా మెట్టు కూడా కట్టు’ అని ఇంటివాళ్లు పెంచుకుంటూ పోతే అతనూ ఆ కాగితమే చూపిస్తాడు.

అందులో ఉండాల్సినవి ఇవి. వాకిలి పొడవు, వెడల్పు, అన్నిచోట్లా ఉండాల్సిన మందం. తవ్వకం ఎంత లోతు, మొరం ఎన్ని అంగుళాలు. కాంక్రీటు పాళ్లు, మొత్తం ఎన్ని సంచులు. ఏ కంపెనీ సిమెంటు, 20 మిల్లీమీటర్ల కంకర, ఏ ఇసుక. వాలు ఎటు, ఎంత. జాయింట్లు ఎన్ని అడుగులకు. మిల్లరు, వైబ్రేటరు ఎవరు తేవాలి. మట్టి, చెత్త ఎవరు ఎత్తాలి. ఎన్ని రోజుల్లో అయిపోవాలి. ఏ దశలో ఎంత డబ్బు. కింద ఇద్దరి సంతకాలు, తేదీ.

వాలు సంగతి ఒక్క మాట. ప్రతి 10 అడుగులకు అంగుళంన్నర నుంచి రెండు అంగుళాలు దిగాలి. అంటే 30 అడుగుల వాకిలికి గడప దగ్గరి ఎత్తుకు, గేటు దగ్గరి ఎత్తుకు నాలుగున్నర నుంచి ఆరు అంగుళాల తేడా కావాలి. అయితే పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోసుకుంటూ పోయిన వీధుల్లో రోడ్డే వాకిలి కంటే ఎత్తుకు వచ్చేసింది. అలాంటి ఇళ్లలో నీళ్లను గేటు వైపు పంపలేరు. పక్కకు వాలు పెట్టి ఇంకుడు గుంతలోకి తిప్పడం మేలు. బయటి ర్యాంపు కోసం మోరిని పూడ్చేస్తే మాత్రం నీళ్లు మొదట తిరిగొచ్చేది మన ఇంట్లోకే. పైన తీసి పెట్టుకునే బండలో జాలీలో వేసి మోరి పారేట్టు ఉంచాలి. వాకిలంతా కప్పేయాలనీ లేదు. చక్రాలు నడిచే చోట మూడడుగుల పట్టీలు రెండు పోసి మధ్యలో గడ్డి వదిలేస్తే కాంక్రీటు సగమే పడుతుంది, వాన నీరూ నేలలోకి దిగుతుంది.

పోసే రోజు

మానేరు ఇసుకైనా గోదావరి ఇసుకైనా, రోబో ఇసుకైనా ఒక పరీక్ష ఉంది. గాజు సీసాలో సగం ఇసుక, పైన ఉప్పు నీళ్లు పోసి బాగా కుదిపి రెండు మూడు గంటలు కదపకుండా ఉంచితే మట్టి పైన పొరగా తేరుతుంది. ఆ పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే ఆ ఇసుక వద్దు. సిమెంటు సంచి మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మూడు నెలలు దాటింది, గడ్డకట్టింది వాడనివ్వకండి. పక్కనే బసంత్‌నగర్, దేవాపూర్‌లలో సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న ప్రాంతమిది, తాజా సిమెంటుకు కరువు లేదు.

పక్క పలకలు బిగించాక ఆ వైపు నుంచి ఈ వైపుకు దారం కట్టి, దారం నుంచి నేలకు నాలుగైదు చోట్ల టేపు పెట్టి చూడాలి. అంచుల్లో 4 అంగుళాలు ఉండి నడుమ మొరం ఉబ్బెత్తుగా ఉంటే నడుమ మందం రెండున్నరే వస్తుంది. కాంక్రీటు పోశాక ఇది ఎవరూ సరిచేయలేరు.

తర్వాత అసలు దొంగ నీళ్లు. కాంక్రీటు జారుడుగా ఉంటే తట్టలు తొందరగా ఖాళీ అవుతాయి, పరచడం తేలిక. అందుకే కూలీలు నీళ్లు ఎక్కువ పోస్తారు. ఆ ఎక్కువ నీరు తర్వాత ఆవిరై లోపల సన్నటి బొరియలు మిగిలిపోతాయి, బలం పోతుంది. కాంక్రీటు పనులకు ప్రామాణికంగా వాడుతున్న, 2000లో సవరించిన ఐఎస్ 456 ప్రకారం ఎం20 మిశ్రమంలో 50 కిలోల సంచికి నీళ్లు 30 లీటర్లు దాటకూడదు. 15 లీటర్ల బకెట్లతో రెండంటే రెండే! ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. మిల్లరు పక్కన పైపు కాదు, బకెట్లు పెట్టించండి. ఖాళీ సంచులను పారేయకుండా ఒక మూల పేర్చమనండి. సాయంత్రం వాటిని లెక్కపెట్టడం అందరికంటే చిన్నపిల్లలకు బాగా వచ్చిన పని. 27 అని రాసుకున్నచోట 19 ఉంటే అడగాల్సిన సమయం ఆ సాయంత్రమే.

ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో పనికి ప్రత్యేక జాగ్రత్తలు కావాలి. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్ ఎండల గురించి వేరే చెప్పాలా? వీలైతే పనిని కార్తీకం తర్వాతికి వాయిదా వేయండి. కుదరకపోతే తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ముగించాలి. నేలను ముందే తడిపి ఉంచాలి. వానాకాలంలోనైతే టార్పాలిన్ పట్టా చేతికందేచోట ఉంచాలి.

కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుంటుంది. ఎక్కడో ఒకచోట పగలాల్సిందే. ఆ పగులు ఎక్కడ రావాలో ముందే చెప్పడం కోసమే జాయింట్లు. 4 అంగుళాల మందానికి 8 నుంచి 10 అడుగులకొకటి, అంగుళం లోతున గీత కోయాలి. ఇంటి గోడకు, వాకిలికి మధ్య థర్మోకోల్ పట్టీ పెట్టి విడదీయాలి. నున్నగా రావాలని తడి మీద పొడి సిమెంటు చల్లి తాపీ తిప్పితే ఏడాదికల్లా పెచ్చులు లేస్తాయి. పైగా వానలో పెద్దవాళ్లు కాలు జారతారు. నీటి తడి ఇంకాక చీపురుతో అడ్డగీతలు గీయడమే వాకిలికి సరైన అందం.

పని చేసేవాళ్లకు తాగడానికి నీళ్లు, కాసేపు నీడ చూపించండి. సిమెంటు తడి చర్మాన్ని కాలుస్తుంది. చేతి తొడుగులు, బూట్లు లేకుండా కాంక్రీటులో దిగి నిలబడే ఆడకూలీల పాదాలు చూస్తే తెలుస్తుంది. తొడుగులు, బూట్ల ఖర్చు కూడా ఆ కాగితంలోనే రాసుకోవచ్చు. తడి నేల మీద వైబ్రేటరు తీగలు అతుకులతో ఉంటే పని ఆపించండి.

ఇంటివాళ్ల వంతు

ఇక్కడి దాకా మేస్త్రీ పని. మర్నాటి నుంచి ఇంటివాళ్ల పని. కాంక్రీటు ఎండితే గట్టిపడదు, తడిగా ఉంటేనే గట్టిపడుతుంది. చాలా ఇళ్లలో మేస్త్రీ సామాను సర్దుకుని వెళ్లిపోయాక పొద్దున ఒకసారి పైపు పట్టి, మధ్యాహ్నానికి ఎండబెట్టి, మూడో రోజుకు మరిచిపోతారు. ఆనక పగుళ్లొస్తే నింద మేస్త్రీకి!

అదే ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిపిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఉంచాలంటోంది. ఎండ, వడగాలి ఉన్నచోట ఏ సిమెంటుకైనా 10 రోజులకు తగ్గకూడదు. ఇప్పుడు దుకాణాల్లో పీపీసీ పేరుతో ఎక్కువగా దొరికేది బూడిద కలిపిన సిమెంటే. కాబట్టి 10 రోజులే లెక్క. గోనె సంచులో వరిగడ్డో పరిచి తడిపినా సరే, మట్టితో చిన్న మడులు కట్టి నీళ్లు నిలిపినా సరే. మడులు కడితే మాటిమాటికీ పైపు పట్టక్కర్లేదు, నీళ్లూ తక్కువ పడతాయి. నీళ్లకు కటకట ఉన్న వీధిలో ముందు నీళ్ల ఏర్పాటు చూసుకున్నాకే కాంక్రీటు పోయించాలి. వారం దాటేదాకా కారు ఎక్కించొద్దు. బరువైన బండి అయితే 28 రోజులు ఆగాలి.

పైసలు ఎప్పుడు?

పని చేసినవాడి కూలి ఆపడం పాపం. పని కాకముందే అంతా ఇచ్చేయడం అమాయకత్వం. రెండింటికీ మధ్య దారి దశలవారీగా ఇవ్వడం. మొదలుపెట్టేటప్పుడు కొద్దిగా బయానా. తవ్వి, మొరం కొట్టి, టేపు చూపించాక ఒక భాగం. కాంక్రీటు పోసిన సాయంత్రం పెద్ద భాగం, కూలీలకు ఆ రోజే ఇవ్వాలి కాబట్టి. మిగిలిన ఆరో వంతో ఏడో వంతో క్యూరింగ్ ముగిశాక. ఆ రోజు మేస్త్రీని పిలిచి, ఇద్దరూ నిలబడి రెండు బకెట్ల నీళ్లు గడప దగ్గర పోయండి. నీళ్లు అనుకున్న వైపే పారి, ఎక్కడా నిలవకపోతే మిగతా డబ్బు అక్కడికక్కడే చేతిలో పెట్టాలి. ‘రేపు రా, ఎల్లుండి రా’ అని తిప్పే ఇంటికి మంచి మేస్త్రీ మళ్లీ రాడు.

వెంట్రుకంత సన్నటి పగుళ్లు సహజం, వాటికి గొడవ అక్కర్లేదు. చిన్న నాణెం అంచు దూరేంత పగులైనా, ఒకవైపు కుంగినా ముందు మేస్త్రీని పిలిచి చూపించాలి. చాలా తగాదాలు ఆ మాటతోనే తెగిపోతాయి. తెగకపోతే చట్టం ఉంది. ఇంటి నిర్మాణం కూడా ‘సేవ’ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోనూ ఆ మాట ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. సలహాకు 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. అయితే రోజు కూలికి పెట్టుకుని సొంతంగా చేయించుకున్న పనికి ఈ దారి కష్టం. గుత్తకిచ్చిన పనికైనా కమిషన్ మొదట అడిగేది ఆ సంతకాల కాగితం, డబ్బు ఇచ్చిన రుజువులే.

అక్కడిదాకా పోకుండా ఉండాలంటే గేటు దగ్గర బేరంలో మొదటి ప్రశ్న మార్చితే చాలు. ‘గజానికి ఎంత?’ అని కాకుండా ‘ఎన్ని అంగుళాలు, ఎన్ని సంచులు?’ అని అడిగి చూడండి. పనికిరాని మనిషి అయితే ఆ ప్రశ్నకే చిరాకు పడి వెళ్లిపోతాడు. పని తెలిసిన మేస్త్రీ అయితే జేబులోంచి టేపు తీస్తాడు.